రోహిణి కార్తెలో కారు హీటర్

ఖమ్మంలో కారు హీటర్ బాగుచేసినవాణ్ణి నేను. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి. కాసేపయ్యాక అంత సులువుగా నవ్వు రాకపోవచ్చు. ఎండాకాలంలో బయట నిలిపిన బండి స్టీరింగ్ పట్టుకోవడానికి తడిగుడ్డ వెతుక్కునే ఊరు మాది. ఆ ఊళ్ళో, రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు, ఒక పాత కారులో కూర్చున్నవాళ్ళకు వెచ్చగా ఉండాలని ఆరుగురం మనుషులం నెలరోజులు కష్టపడ్డాం.

కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లల కోసం ఏదైనా అనుభవం రాయమని మెకానిక్కుల సంఘం వాళ్ళు అడిగారు. అనుభవం అంటే ఏదో సాధించిన సంగతి రాస్తానని వాళ్ళ ఉద్దేశం కాబోలు. అలాంటివి నా దగ్గర తక్కువ. మా రేడియేటర్ మేస్త్రి గురించి మాత్రం రాయాలని చాలాకాలంగా ఉంది. ఆయన పోయినప్పుడు బస్టాండు సెంటర్లో ఫ్లెక్సీ కట్టి ‘రేడియేటర్ చక్రవర్తి’ అని రాయించారు. బతికున్నన్నాళ్ళూ ఆయన కూర్చున్నది ఒక ఇనప స్టూలు మీద. దానికి ఒక కాలు పొట్టి. చక్రవర్తి ఎవరో నాకు తెలియదు. ఆ స్టూలు మనిషి నాకు తెలుసు.

మా షెడ్డు ముదిగొండ వెళ్ళే రోడ్డు మీద ఉండేది. నేను కరెంటు పని చూసేవాణ్ణి. బండి వైరింగు, డైనమో, బ్యాటరీ నా వంతు. ఇంజన్లకు ఇద్దరు, పెయింటింగుకు ఒకడు, డెంటింగుకు ఒకడు, రేడియేటర్లకు మేస్త్రి. వయసులో అందరికంటే పెద్ద ఆయనే. కారిపోయే రేడియేటర్‌ను నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసి, అక్కడ తగరంతో మాటు వేయడం ఆయన పని. ఆయన మాటేసిన చోట మళ్ళీ కారడం నేను రెండుసార్లకు మించి చూడలేదు. చదువు రాదు. సంతకం రాదు. బ్యాంకులో, రేషన్ షాపులో, ఎక్కడైనా వేలిముద్రే.

అప్పటికే కొత్త బళ్ళకు ప్లాస్టిక్ మూతల రేడియేటర్లు వస్తున్నాయి. ప్లాస్టిక్‌కు మాటు పడదు. పాడైతే తీసి పారేసి కొత్తది బిగించడమే. అంటే, మా షెడ్డు పోతే మిగతా ఐదుగురం ఎక్కడో ఒకచోట పని దొరికించుకుంటాం. మేస్త్రికి మాత్రం ఖమ్మంలో ఇంకెవరూ స్టూలు వేయరు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ అనేవాళ్ళం కాదు.

షెడ్డు ఉన్న స్థలం ఒక గ్రానైట్ క్వారీ ఓనరుది. ఆయనకు అక్కడ ఫంక్షన్ హాలు కట్టాలని ఉంది. ఏడాదిగా ఇదిగో ఖాళీ చేయండి, అదిగో ఖాళీ చేయండి అంటున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయనకు పాత కార్ల పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఇంకో గ్రానైట్ ఓనరు దగ్గర ఒక పాత కారు, దానికి ఒక సర్టిఫికేట్ ఉన్నాయట. ఆ సర్టిఫికేట్‌ను వాళ్ళ డ్రాయింగు రూములో దేవుడి పటం పక్కన చూసినప్పటినుంచి మావాడికి నిద్ర లేదు.

మావాడు కొన్న కారు సీమదొరల కాలపుది. భద్రాచలం అవతల అడవి అంచున మిషన్ దవాఖానా పెట్టిన ఒక డాక్టరమ్మ, మంచు కురిసే తన దేశం నుంచి ఓడలో తెచ్చుకున్న కారు అది. ఆమె పోయాక చేతులు మారి మారి చివరికి ఒక పొగాకు గోదాములో తేలింది. ట్రాక్టరు వెనక కట్టుకొని మా షెడ్డుకు తెచ్చారు. వెంట ఓనరు వచ్చాడు.

“మేస్త్రీ, మొత్తం ఒర్జినల్ ఉండాలె. ఒక్క నట్టు గూడ డూప్లికేట్ ఉండొద్దు” అన్నాడు.

“ఒర్జినల్ అంటే పాతదా సార్, కొత్తదా?” అని అడిగాడు మేస్త్రి. వెక్కిరింత కాదు. నిజంగానే అడిగాడు.

ఓనరు ఆలోచించాడు. “పాతదే. కాని కొత్తగ కనిపియ్యాలె.”

“అవ్ సార్. సమజయింది” అన్నాడు మేస్త్రి. మాకెవరికీ కాలేదు.

మీకు తెలియనిది కాదు, మన షెడ్లలో సామానుకు మూడు కులాలు. కంపెనీ నుంచి వచ్చింది ఒర్జినల్. ఢిల్లీ నుంచి వచ్చింది డూప్లికేట్. మన చేత్తో చేసింది లోకల్. పని బాగా చేసేది ఏదైనా కావచ్చు, గౌరవం మాత్రం ఆ వరుసలోనే.

ఓనరు షరతు కూడా అప్పుడే చెప్పేశాడు. “రోహిణి కార్తెల హైదరాబాదు నుంచి పాత కార్ల జడ్జి వస్తడు. ఆయన ఒర్జినల్ అని సర్టిఫికేట్ రాస్తే షెడ్డు జోలికి రాను. ఫంక్షన్ హాలు వేరే జాగల కడత. రాయకుంటె దసరా లోపట మీ సామాను తీస్కపోండ్రి. గంతే.”

అలా మేస్త్రి స్టూలు ఆ కారు మీద ఆధారపడింది.

మూడు నెలలు పని బాగానే నడిచింది. అద్దాలు, సీట్లు, బ్రేకులు ఒక్కొక్కటే దారికొచ్చాయి. దొరకనివి మేమే చేశాం. తలుపు అద్దం దించే పిడి ఒకటి లేత్ మీద తిప్పించి, నికెల్ పూత వేయించి, చింతపండుతో తోమి ముసలిదాన్ని చేశాం. ఇక డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న గుండీ మిగిలింది. దాని మీద ‘హెచ్’ అనే ఇంగ్లీషు అక్షరం. ఇంజన్ల వాడు హారన్ అన్నాడు. డెంటింగ్ వాడు హెడ్‌లైటు అన్నాడు. మేస్త్రి “హనుమంతుడై ఉంటడు, మొక్కి వదిలెయ్యిండ్రి” అన్నాడు. ఆ మాట వినివుంటే బాగుండేది.

నాకు చదివే జబ్బు ఉంది. జిల్లా గ్రంథాలయంలో బూజు పట్టిన పుస్తకాలు చాలావాటిని ముందు ముట్టుకున్నది నేనే. ఓనరు ఎక్కడినుంచో ఆ కారు పుస్తకం జిరాక్సు తెప్పించి ఇస్తే, అవసరం లేని పేజీలు కూడా చదివాను. చివర్లో, చలిదేశాల వాళ్ళు అదనంగా కొనుక్కునే సామాను కింద హీటర్ ఉంది. ఇంజన్లో కాగిన నీళ్ళు ఒక గొట్టం గుండా చిన్న రేడియేటర్‌లోకి వస్తాయి, దాని వెనక ఫ్యాను తిరుగుతుంది, వేడిగాలి కాళ్ళ మీద కొడుతుంది. మా కారులో కాళ్ళ దగ్గర రేకుకు రెండు బెజ్జాలు, వాటిలో కుక్కిన గుడ్డపేలికలు ఉన్నాయి. అంటే ఈ కారుకు హీటర్ ఉండేది. ఎవరో తీసేశారు.

ఓనరు వింటుండగా ఈ సంగతి చెప్పాను.

“అయితే హీటర్ లేకుంటె ఒర్జినల్ కాదా?”

“లెక్క ప్రకారం కాదు సార్.”

“పెట్టుండ్రి మరి.”

ఆయన వెళ్ళాక పెయింటర్ నా వైపు చూసి, “చదివినోడు షెడ్డుల ఉంటె శని వేరే ఎందుకు” అని బ్రష్షు నీళ్ళలో ముంచాడు.

తర్వాతి నెలంతా హీటర్ వేట. విడిభాగాల దుకాణంలో హీటర్ అని అడిగితే బకెట్లో వేసే ఇనప రాడ్డు తెచ్చిచ్చారు. కారుకు అంటే, ఏ కారుకు అని కాదు, ఎందుకు అని అడిగారు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని పాత కార్ల సంఘం ఒకదానికి ఇంగ్లీషులో ఉత్తరం కొట్టాను. అక్కడి పెద్దమనిషి ఒకాయన ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. ఆ హీటర్ ఫోటో పంపాడు. చివర ఇలా రాశాడు: మీ జిల్లా వాతావరణం గురించి చదివాను, దయచేసి ఇంకోసారి ఆలోచించండి. ఈ వ్యవహారం మొత్తంలో బుద్ధిగా మాట్లాడినవాడు ఆయనొక్కడే. ఆయన సముద్రాల అవతల ఉన్నాడు.

ఫోటో కాగితం మీద తీయించి షెడ్డుకు తెచ్చాను. గుండ్రటి రేకు డబ్బా, మధ్యలో జాలీ, కింద రెండు గొట్టాలు. మేస్త్రి దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

“తమ్మీ, ఇది కార్ల సామానా?”

“అవ్ అన్నా. హీటర్ అంటే ఇదే.”

“కాదురా. ఇది పసిపిల్లల పెట్టె. దీనికి నేను మాటేసిన.”

అప్పుడు చెప్పాడు. షెడ్డు పనిలోకి రాకముందు, పదహారు పదిహేడేళ్ళప్పుడు, ఆయన తండ్రితో కలిసి పర్ణశాల చుట్టుపక్కల ఊళ్ళలో బిందెలకు, గిన్నెలకు మాట్లు వేస్తూ తిరిగేవాడట. ఒక చలికాలం మిషన్ దవాఖానా డాక్టరమ్మ పిలిచి, ఒక రేకు డబ్బా ఇచ్చి, కారుతోంది బాగుచేయమంది. దాన్ని ఒక చెక్కపెట్టె అడుగున బిగించింది. పైన ఒక బకెట్లో వేడినీళ్ళు, కింద ఒక ఖాళీ బకెట్టు. నీళ్ళు డబ్బా గుండా దిగుతుంటే పెట్టె వెచ్చబడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని అందులో పడుకోబెట్టేవాళ్ళు. అడవి పక్క చలి ఎలా ఉంటుందో ఖమ్మం వాళ్ళకు తెలియదు. కరెంటు ఆ ఊరికి అప్పటికి రాలేదు.

“ఆమె కారు ఎక్కంగ నేను చూడలె. డబ్బా ఎక్కడిదో నాకేం తెలుసు” అన్నాడు మేస్త్రి.

మర్నాడు ఇద్దరం కొత్తగూడెం మీదుగా భద్రాచలం బస్సెక్కాం. వంతెన దాటి, అక్కడినుంచి ఆటోలో పర్ణశాల రోడ్డు పట్టుకున్నాం. ఆటోలో మాతో పాటు తునికాకు కట్టలు, ఇద్దరు భక్తులు, ఒక మేక ఉన్నాయి. భక్తులు మేకను కొంచెం అటు జరగమని మర్యాదగా అడుగుతున్నారు. మేక జరగలేదు.

దవాఖానా చిన్నదైపోయింది. డాక్టరు వారానికి ఒకసారి వస్తాడట. ఆవరణలో ఒక పాత క్వార్టరులో రిటైరైన నర్సు ఒకామె ఉంది. అందరూ సిస్టరమ్మ అంటారు. వరండాలో కుర్చీ వేసుకొని చిక్కుడుకాయలు తుంచుతోంది. మేస్త్రి దగ్గరకు వెళ్ళి దండం పెట్టాడు. ఆమె కళ్ళద్దాలు పైకి జరుపుకుంది.

“ఎవరు నాయనా?”

“మాట్లేసేటోడి కొడుకునమ్మా. డబ్బాకు మాటేసిన.”

“నువ్వా! అప్పుడు ఇంతుంటివి గదరా. మాటేసుకుంట మూతి కాల్చుకున్నవు. నేనే గదా మందు పూసిన.”

మేస్త్రి తలవంచుకొని నవ్వాడు. ఆయన పై పెదవి మీద చిన్న మచ్చ ఉండేది. పదిహేనేళ్ళు పక్కన పనిచేసినా అదెక్కడిదని నేనెప్పుడూ అడగలేదు.

పెట్టె స్టోరు గదిలో, క్రిస్మస్ నక్షత్రాల వెదురు చట్రాల కింద ఉంది. కరెంటుతో నడిచే కొత్తది వచ్చాక దీన్ని పక్కన పెట్టేశారట. చుట్టుపక్కల గూడేల తల్లులు దీన్ని ‘ఉడుకుపెట్టె’ అనేవాళ్ళని సిస్టరమ్మ చెప్పింది. లోపల గొంగడి ముక్క ఇంకా పరిచే ఉంది. మేస్త్రి పెట్టెను బోర్లించి, డబ్బా విప్పి, కింద బొటనవేలుతో తుడిచాడు. మాటు పక్కన మూడు చుక్కలు కనిపించాయి. పంచ్ మొన ఆనించి సుత్తితో కొట్టినవి. త్రికోణంలా.

అవి ఆయన గుర్తు. మాటు వేసిన ప్రతి రేడియేటర్ అడుగునా ఆ మూడు చుక్కలు కొట్టేవాడు. మళ్ళీ కారితే ఎవరు చేశారో తెలియాలి కదా అనేవాడు. ఎవరూ కొట్టమనలేదు. మిగతా మేస్త్రులు కొట్టరు కూడా, కొడితే దొరికిపోతారు.

“ఇదే మొదటిది తమ్మీ. మా నాయిన తిట్టిండు, గిన్నె ఖరాబు చేస్తున్నవని.”

సిస్టరమ్మ అసలు విషయం అడిగింది. చెప్పాను. ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

“కార్ల పెడతరా దీన్ని? ఖమ్మంల?”

“అవునమ్మా.”

“ఎవరికన్న చలిజ్వరమా?”

షెడ్డు సంగతి, మేస్త్రి సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆమె మేస్త్రి వైపు చూసి, “తీస్కపో నాయనా. ఇక్కడ ఊరికే ఉంది” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “నువ్ చదువుకున్నోని లెక్క ఉన్నవు. ఒక్కటే మాట. ఇదేం పని చేసిందో అక్కడ ఎవరన్న అడిగితే చెప్పు. అడగకున్న చెప్పు.”

చెబుతానన్నాను.

షెడ్డులో డబ్బాను తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. నలభై ఏళ్ళనాటి మాటు. మేస్త్రి దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. చిలుము మాత్రం తుడిచాడు. నేను ఫ్యాను మోటారుకు తీగ చుట్టాను. గొట్టాలు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేస్తే, కాసేపటికి లోపలినుంచి అచ్చమైన వేడిగాలి. పెయింటర్ చెయ్యి పెట్టి చూసి, “బయట గాలి కంటే ఇదే నయం, దుమ్ము లేదు” అన్నాడు.

జడ్జి రోహిణి కార్తె రెండోరోజు వచ్చాడు. ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఆ ఎండలో టై కట్టుకున్నాడు. తెల్ల గ్లౌజులు తొడుక్కొని, జేబులోంచి భూతద్దం తీసి, కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మా పెయింటర్ పక్కనుంచి, “కొబ్బరికాయ కొట్టాల్నా?” అని నెమ్మదిగా అడిగాడు.

మేం లేత్ మీద చేయించి చింతపండుతో తోమిన పిడి దగ్గర జడ్జి ఆగిపోయాడు. దాన్ని వేలితో నిమిరాడు. “చూశారా! ఈ పనితనం ఇప్పుడెక్కడిది? ఆ దేశం వాళ్ళ చేతుల్లోనే ఉంది” అన్నాడు. ఓనరు ఛాతీ పెద్దదైంది. మేం నేల వైపు చూస్తూ నిలబడ్డాం. పిడి పక్కన టిక్కు పడింది. ఢిల్లీ అద్దానికి టిక్కు పడింది. హైదరాబాదు దొంగబజారు హారన్‌కు రెండు టిక్కులు పడ్డాయి.

తర్వాత వంగి కాళ్ళ దగ్గర చూశాడు. హీటర్ విప్పి చూపించమన్నాడు. విప్పాం. బోర్లించాడు.

“ఈ చుక్కలేమిటి?”

“మాటేసిన గుర్తు సార్” అన్నాను.

“ఎవరు?”

మేస్త్రిని చూపించాను. అడక్కపోయినా ఉడుకుపెట్టె కథ కూడా చెప్పాను. ఆ ఒక్క పని చేశాను. జడ్జి పూర్తిగా విన్నాడు. విని, కాగితం మీద, ‘ఇతర అవసరాలకు వాడబడినది, స్థానికంగా మరమ్మతు చేయబడినది’ అని రాసుకున్నాడు.

“అయితే ఇది ఒరిజినల్ కాదు” అన్నాడు.

“సార్, మేం బిగించినవాట్ల కారుతో ఓడల వచ్చింది ఇదొక్కటే...” అని మొదలుపెట్టాను.

“కావచ్చు. మరమ్మతు తప్పు కాదు. ఎవరు చేశారో తెలియకపోతే దాన్ని ఆ కాలపు మరమ్మతు అంటాం. అది చెల్లుతుంది. ఎవరు చేశారో తెలిస్తే లోకల్ పని. అది చెల్లదు.” భూతద్దం తుడుచుకుంటూ ఓనరు వైపు తిరిగాడు. “ఆ గుర్తు లేకపోతే నాకు అభ్యంతరం ఉండదు. ఈ కథ నేను వినలేదనుకుంటాను.”

ఇంత తెలివైన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మనిషి చెయ్యి పడితే తప్పు లేదు. ఆ మనిషి ఎవరో తెలిస్తే తప్పు.

“తీసెయ్ మేస్త్రీ. ఐదు నిమిషాల పని” అన్నాడు ఓనరు. “ఏంది సూస్తున్నవ్? మూడు సుక్కలకు షెడ్డు పోగొట్టుకుంటరా?”

మేస్త్రి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. అందరం డబ్బా వైపు చూస్తున్నాం. పని పెట్టె దగ్గరకు వెళ్ళి ఆకురాయి తెచ్చాడు. తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“నువ్ తియ్ తమ్మీ. రాసుడు, చెరుపుడు చదువుకున్నోల్ల పని.”

ఇక్కడ నేను ఏదో ఒక గొప్ప పని చేశానని రాయడానికి వీలుంటే బాగుండేది. ఆకురాయి విసిరేశానని, జడ్జి మొహం మీద నిజం చెప్పానని. నేను డబ్బాను మోకాళ్ళ మధ్య పెట్టుకొని రాకాను. ఇత్తడి మెత్తగా ఉంది. పది పన్నెండు రాకుళ్ళకు మూడు చుక్కలూ పోయాయి. చేతికి పసుపురంగు పొడి అంటింది. ఊదేశాను. మేస్త్రి పక్కనే నిలబడి, ఇంకెవరి పనో చూస్తున్నట్టు చూశాడు. “అంచు గరుకున్నది, ఇంకొంచెం సాపు చెయ్” అన్నాడు. చేశాను.

ఆరు కుటుంబాల కోసం చేశానని తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. ఆకురాయి పట్టుకున్న క్షణంలో మాత్రం నాకు ఆ కుటుంబాలు గుర్తు రాలేదు. అందరూ చూస్తున్నారు, తొందరగా అయిపోతే బాగుండు అనిపించింది. అంతే.

ఇక నవ్వాల్సిన భాగం ఉంది. హీటర్ పనిచేస్తుందో లేదో చూస్తానన్నాడు జడ్జి. నియమం ప్రకారం అద్దాలు మూసి చూడాలట. ఓనరూ, ఆయనా లోపల కూర్చున్నారు. ఇంజన్ వేడెక్కాక గుండీ లాగి, తలుపు మూసి బయట నిలబడ్డాను. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు, మూసిన కారు, అందులో బ్రహ్మాండంగా పనిచేస్తున్న హీటర్. మొదట ఇద్దరూ తలలు ఊపారు. తర్వాత జడ్జి టై వదులు చేసుకున్నాడు. తర్వాత అద్దం దించబోయాడు. ఆయన మెచ్చుకున్న పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. పిడి పట్టుకొని అద్దం లోపలినుంచి మా వైపు చూశాడు. నోరు కదులుతోంది, మాట వినబడటం లేదు. ఆ పక్క తలుపు లోపలినుంచి తెరుచుకోదు. అది మాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఓనరు ఆయన మీదుగా చెయ్యి చాచి అదే తలుపును గుద్దుతున్నాడు. తన పక్క తలుపు ఉందన్న సంగతే మరిచిపోయాడు.

పెయింటర్ షెడ్డు వెనక్కి పరుగెత్తాడు, నవ్వడానికి. మేస్త్రి నింపాదిగా నడిచి వెళ్ళి తలుపు తీశాడు.

“పనిచేస్తున్నదా సార్?” అని అడిగాడు.

జడ్జి సర్టిఫికేట్ మీద సంతకం పెడుతుంటే కాగితం మీద చెమట చుక్కలు పడి సిరా కొంచెం చెదిరింది. ఓనరు దాన్ని అలాగే ఫ్రేము కట్టించాడు. ఒర్జినల్ సంతకం కదా.

మాట మీద నిలబడ్డాడు, ఆ మేరకు చెప్పాలి. షెడ్డు జోలికి రాలేదు. ఫంక్షన్ హాలు నేలకొండపల్లి రోడ్డులో కట్టాడు. హైదరాబాదులో పాత కార్ల ఊరేగింపు నుంచి తిరిగొచ్చిన నెలకు, కారులో ఉక్కపోస్తోందని ఏసీ పెట్టమన్నాడు. దానికి హీటర్ అడ్డం వచ్చింది. నేనే విప్పాను. దవాఖానాకు తిరిగి ఇచ్చేద్దామా అని అడిగితే, సర్టిఫికేట్లో ఉన్న వస్తువు ఎలా ఇస్తారని కోప్పడి గోదాములో పెట్టించాడు. సిస్టరమ్మ దగ్గరినుంచి ఒక కార్డు వచ్చింది. అక్కడ ఎవరైనా అడిగారా అని రాసింది. జవాబు రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను. చదివేవాణ్ణే గాని రాసేవాణ్ణి కాదని అప్పుడు తెలిసింది.

మేస్త్రి మామూలుగానే పనికి వచ్చాడు. నాతో మాట్లాడటం మానలేదు. అలా మానివుంటే నాకు కొంత సులువయ్యేది. టీ తాగేటప్పుడు ఎప్పటిలాగే నా గ్లాసులోంచి సగం ఆయన గ్లాసులో పోసుకునేవాడు. కారు సంగతి ఎత్తలేదు. ఒక్క తేడాను నేను కొన్ని వారాల తర్వాత గమనించాను. మాటు వేయడం పూర్తయ్యాక రేడియేటర్‌ను బోర్లించడం లేదు. పంచ్ కోసం చెయ్యి చాచడం లేదు. మా షెడ్డు నుంచి బయటికి పోయే రేడియేటర్ల అడుగు అందరి రేడియేటర్లలాగే ఖాళీగా ఉంటోంది. నేను ఆయన పంచ్ తీసి, నూనె రాసి, స్టూలు పక్కన కనబడేట్టు పెట్టాను. రెండోరోజు దాంతో ఆయన ఒక డబ్బా మూతకు బెజ్జం కొడుతూ కనిపించాడు.

ఆ తర్వాత ఏడాదేమో, సత్తుపల్లి వైపు నుంచి ఒక లారీ డ్రైవర్ రేడియేటర్ మోసుకొచ్చాడు. కిందటి నెల మా దగ్గరే చేయించానంటాడు. మాటు పక్కన సన్నగా కారుతోంది. నేను చూడగానే గుర్తుపట్టాను. తగరం అంత పలచగా, అంచు అంత సాపుగా పరిచే చెయ్యి జిల్లాలో ఒక్కటే ఉండేది. డ్రైవర్ కోపంగా ఉన్నాడు.

“ఎవరేసిండ్రు దీనికి మాటు?”

అందరం మేస్త్రి వైపు చూశాం. ఆయన స్టూలు మీదినుంచి లేచి, రేడియేటర్‌ను చేతుల్లోకి తీసుకొని, బోర్లించి, అడుగు భాగమంతా బొటనవేలుతో మెల్లగా తడిమాడు. ఏమీ లేదు.

“ఏమో బిడ్డా, ఎవలేసిండ్రో” అన్నాడు. “ఒర్జినల్ లెక్కనే ఉన్నది.”